ఎనభై శాతం కలిస్తే కాపీ కొట్టినట్టేనా?

ఏటా వేసవి మొదట్లో నెల్లూరు, కావలి, ఒంగోలు ఇంజినీరింగ్ కళాశాలల్లో ఆఖరి ఏడాది ప్రాజెక్టుల హడావిడి. రెండు బ్యాచ్‌ల హాస్టల్ ఫీజుల ప్రోగ్రాములు అచ్చుగుద్దినట్టు ఉంటే, ఎవరిది చూసి ఎవరు రాశారన్న పంచాయితీ తప్పదు. ఆ తీర్పును సాఫ్ట్‌వేర్ చూపించే శాతానికి వదిలేస్తే హాయి అనిపిస్తుంది. కానీ ఆ శాతం ఎలా పుట్టిందో తెలిస్తే అంత ధైర్యం చేయం.

ఈ వేట మొదలైంది విద్యార్థుల దగ్గరే. 1976లో కార్ల్ ఒట్టెన్‌స్టైన్ ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో గుర్తులు, పేర్లు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కగట్టి పోల్చాడు. మొరటు పద్ధతి, పనికిరాని రెండు వాక్యాలు చేరిస్తే లెక్క తప్పుతుంది. 1994లో అలెక్స్ ఐకెన్ తయారుచేసిన కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ ‘మాస్’ అంత తేలిగ్గా మోసపోదు. ‘మార్క్స్’ అన్న పేరును ‘ఎం1’ చేసినా, వరుసల మధ్య ఖాళీలు పెంచినా దానికి లెక్కలేదు. కోడ్‌ను చిన్న ముక్కలుగా తరిగి, వాటిలో కొన్నింటికి వేలిముద్రల్లాంటి గుర్తింపు అంకెలు కట్టి, వాటిని పోలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ పరిశ్రమ బాధ వేరు. ఒకచోట తప్పు దిద్దితే, దాని నకళ్లలో ఆ తప్పు అలాగే మిగిలిపోతుంది. అమెరికాలోని పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో బ్రెండా బేకర్ 1990లలో నకళ్ల వెంట పడింది అందుకే.

కోట్ల ఫైళ్లను ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పోతే తెల్లవారదు. 2016లో వచ్చిన, కోడ్ నకళ్లను వెతికే ‘సోర్సరర్‌సీసీ’ కిటుకు నాకు భలే నచ్చుతుంది. వంద పదాల ముక్కలు రెండు 80 శాతం కలవాలంటే కలవనివి 20కి మించకూడదు; కాబట్టి అరుదైన పదాలను ముందు పేర్చినప్పుడు తొలి 21లో ఒక్కటైనా ఉమ్మడిగా ఉండి తీరాలి. లేదంటే ఆ జతను ముట్టుకోనక్కర్లేదు.

ఆ పనిముట్టుతోనే 2017లో, ప్రోగ్రామర్లు తమ కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌ను జల్లెడ పట్టారు. 45 లక్షల ప్రాజెక్టులు, 42.8 కోట్ల ఫైళ్లు; వేర్వేరువి 8.5 కోట్లే. జావాస్క్రిప్ట్ అనే భాషలోనైతే వేర్వేరువి 6 శాతమే. ఇంతమంది దొంగలా? కాదు. ఎన్‌పీఎం అనే పనిముట్టు దించిపెట్టిన లైబ్రరీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ను, చాలామంది తమ ప్రాజెక్టుతో పాటే ఎక్కించేశారు, అంతే.

మన హాస్టల్ ప్రోగ్రాములోనూ అలాంటి లైబ్రరీలు, అధ్యాపకులే ఇచ్చిన నమూనా కోడ్ ఉండొచ్చు. ముందే ఇచ్చిన కోడ్‌ను లెక్కలోంచి తీసేసే ఏర్పాటు మాస్‌లోనే ఉంది. కాపీని తేల్చేది తమ పనిముట్టు కాదని, కలిసిన చోట్లను మనిషే చదివి చూడాలని దాని తయారీదారులే రాసిపెట్టారు.