షుగర్ కిడ్నీ జబ్బుకు చైనా మూలికలు: వెనకున్న చరిత్ర

షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్నవారికి చైనా మూలికలు అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది అది రెండు వేల ఏళ్ల వైద్యమని. అందులో నిజముంది. అతిదాహం, అతిమూత్రం, చిక్కిపోవడం కలిసిన జబ్బును చైనా వైద్యులు షియావోకే అన్నారు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు దానికి ఎనిమిది దినుసుల మాత్ర చెప్పాడు. రోగి మూత్రం తియ్యగా ఉంటుందని 7వ శతాబ్దానికే అక్కడ గుర్తించారు.

కానీ ఆ వైద్యులు చూసింది రోగి దాహాన్ని, నీరసాన్ని. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో, కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంత పెరిగిందో కొలిచే దారి వాళ్లకు లేదు. షుగర్ రోగుల కిడ్నీ వడపోత భాగంలో ప్రత్యేకమైన గట్టి ముద్దలు ఏర్పడతాయని కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే వైద్యులు 1936లో రాశాకే ఈ జబ్బుకు ఒక రూపం వచ్చింది. అందుకే ఆ పాత అనుభవం కిడ్నీల విషయంలో సాక్ష్యంగా నిలబడదని నా అభిప్రాయం.

ఆధునిక చైనాలో పాత మూలికలనే కొత్త కొలతలతో పరీక్షించడం మొదలైంది. హువాంగ్‌చీ వేరు, రేవల్చిని వేరు ఎక్కువగా వాడారు. లెయ్‌గోంగ్‌టెంగ్ అనే తీగ నుంచి తీసిన మందు మూత్రంలో ప్రొటీన్‌ని తగ్గిస్తుందని చైనా కిడ్నీ వైద్యులు చూపించారు. ఆ తీగే కాలేయానికి హాని చేయగలదు, మగవాళ్లలో వీర్యకణాలను తగ్గించగలదు, ఆడవాళ్లలో నెలసరిని ఆపేయగలదు.

అసలు భయం 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బయటపడింది. బరువు తగ్గడానికి ఒక క్లినిక్ ఇచ్చిన చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు వేగంగా పాడయ్యాయి. 1993లో వాన్‌హెర్వెఘెమ్ అనే కిడ్నీ వైద్యుడి బృందం ఈ కేసులను లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించింది. ఆ ఆడవాళ్లు మాత్రలు వాడింది షుగర్‌కో కిడ్నీ జబ్బుకో కాదు. ఒక మూలిక బదులు దాన్ని పోలిన పేరున్న అరిస్టలోకియా అనే, కిడ్నీలను పాడుచేసే మొక్క కలిసింది. బాధితులు వందకు పైగా తేలారు. చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ జాతిలోదే గువాన్ ముతోంగ్ అనే మూలికను 2003లో చైనాయే ఆపేసింది. మన దగ్గర పాముకాటుకు వాడే ఈశ్వరి తీగ కూడా అరిస్టలోకియానే. మూలిక కాబట్టి హాని లేదనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

మొక్క నుంచి మందు రావడంలో తప్పేం లేదు. ఇప్పుడు షుగర్ కిడ్నీ రోగులకు రాసే గ్లిఫ్లోజిన్ మందులకు దారి చూపిన ఫ్లోరిజిన్, 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడులో దొరికిందే. తేడా అంతా పరీక్షలోనే ఉంది. లోసార్టన్ అనే బీపీ మందు షుగర్ రోగుల కిడ్నీలను కాపాడుతుందో లేదో 2001లో తేల్చడానికి 1,513 మందిని సగటున 3.4 ఏళ్లు గమనించారు. 2019లో గ్లిఫ్లోజిన్ మందుల్లో ఒకటైన కెనాగ్లిఫ్లోజిన్‌కి 4,401 మందిని. డయాలసిస్ దాకా ఎంతమంది వెళ్లారో లెక్కించారు. మూలికల పరీక్షలు చాలావరకు చిన్నవి, కొన్ని వారాలో నెలలో నడిచేవి. వాటిలో ప్రొటీన్ తగ్గిందని తెలుస్తుంది. ఆ రోగికి డయాలసిస్ తప్పిందో లేదో తెలియడానికి ఆ గడువు చాలదు.