చెయ్యి పట్టేంత జాగా

విశాఖపట్నం

ప్రియమైన పిల్లలకు,

మొన్న సాయంత్రం మా వీధి పిల్లలు కొందరు బీచ్ రోడ్డులో నాతో పాటు నడుస్తూ, సముద్రంలో లంగరేసి ఉన్న ఓడల్ని లెక్కపెట్టారు. ఏడు తేలాయి. ఇంటర్లో చేరబోతున్న ఒక అమ్మాయి, "తాతయ్యా, ఓడల చదువంటే నేవీలో చేరడమేనా?" అని అడిగింది. వాళ్ల నాన్నగారు వెంటనే, "ఇల్లు వదిలి నెలల తరబడి తిరిగే ఉద్యోగం, నీకెందుకమ్మా" అన్నారు. ఆ నడకలో నేను చెప్పగలిగింది సగమే. మిగతాది మీ అందరికీ తీరిగ్గా రాస్తున్నాను. నేను 15 ఏళ్లు సరుకు ఓడల ఇంజన్ గదుల్లో, తర్వాత 20 ఏళ్లు ఒడ్డున ఓడల డిజైన్ ఆఫీసులో పనిచేశాను. రెండు పనులూ నాకు ప్రాణం.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం. నేవీ అంటే దేశాన్ని కాపాడే నౌకాదళం. సరుకు మోసే ఓడలది వేరే లోకం, దాన్ని మర్చంట్ నేవీ అంటారు. ఆ ఓడలో దారి చూసి నడిపేవాళ్లు డెక్ ఆఫీసర్లు. కింద ఇంజన్, జనరేటర్లు, పంపులు, ఉప్పునీటిని మంచినీళ్లు చేసే యంత్రం, వీటన్నిటినీ చూసుకునేవాళ్లు మెరైన్ ఇంజనీర్లు. అసలు ఓడ ఎంత పొడవుండాలి, పొట్ట ఏ ఆకారంలో ఉండాలి, ఎంత బరువు ఎక్కడ పెట్టాలి అని లెక్కగట్టి గీసేవాళ్లు నేవల్ ఆర్కిటెక్టులు. పేరులో నేవల్ ఉన్నా వాళ్లు గీసేది యుద్ధనౌకలే కాదు, చేపల పడవ నుంచి చమురు ఓడ దాకా అన్నీ.

ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు ఓడల రంగు గమనించండి. కొన్నిటికి పైన నలుపో నీలమో ఉండి, కింద ఎర్రటి పట్టీ వెడల్పుగా కనబడుతుంది. అవి ఖాళీగా వచ్చి సరుకు కోసం ఎదురుచూస్తున్నవి. ఆ ఎరుపు దాదాపు కనబడకపోతే కడుపు నిండా బొగ్గో మరో సరుకో ఉన్నట్టు. ఖాళీ ఓడ కూడా నిజంగా ఖాళీ కాదు. అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకుని ఉంటుంది. దాన్ని బ్యాలస్ట్ అంటాం. ఆ బరువు లేకపోతే ప్రొపెల్లర్ సరిగా మునగదు, గాలి ఓడని ఎటు తోస్తే అటు పోతుంది.

ఎప్పుడైనా ఓడని దగ్గరగా చూసే అవకాశం వస్తే, నడిమి భాగంలో ఒక గుండ్రటి గుర్తు, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత కనబడతాయి. పక్కనే నిచ్చెన మెట్లలా మరికొన్ని గీతలు. ఎంత సరుకు ఎత్తినా ఓడ ఆ గీతను దాటి మునగకూడదు. గీతలు అన్ని ఎందుకంటే, నీళ్లన్నీ ఒకటి కావు. గోదావరిలోనూ సముద్రంలోనూ ఈదినవాళ్లకు తెలుసు, ఉప్పునీళ్లు మనిషిని ఎక్కువ తేలుస్తాయి. అదే ఓడ మంచినీటి రేవుకి వెళితే ఇంకాస్త లోతుగా కూర్చుంటుంది. శీతాకాలపు తుపాను సముద్రానికి ఒక గీత, వేసవికి ఒక గీత. ఒకప్పుడు బ్రిటన్‌లో కొందరు యజమానులు లాభం కోసం ఓడల్ని మునిగేంత నింపి పంపేవారు. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఏళ్ల తరబడి పోరాడాక, 1876లో ఆ గుర్తు తప్పనిసరి అని చట్టం వచ్చింది. ఆ గీత వెనక ఎన్ని ప్రాణాలున్నాయో తెలిశాక నేను దాన్ని మామూలు పెయింటులా ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఇంజన్ గదిలోకి రండి. నేను జూనియర్‌గా ఎక్కిన ఓడలో ఇంజన్‌కు ఆరు సిలిండర్లు, ఎత్తు మూడంతస్తుల మేడంత. నిమిషానికి నూరు చుట్లు తిరిగేది, అంతే. కారు ఇంజన్ వేలల్లో తిరుగుతుంది కదా, దీనిది ఏనుగు నడక. అది తాగే నూనె చల్లగా ఉంటే తారులా గడ్డకడుతుంది. వేడిచేసి, ట్యాంకులో తేర్చి, ప్యూరిఫయర్లో తిప్పి, ఫిల్టర్లు దాటించి, మళ్లీ వేడిచేసి ఇంజన్‌కి ఇవ్వాలి. తేర్చే ట్యాంకు అడుగున నీళ్లూ మడ్డీ పేరుకుంటాయి. ప్రతి డ్యూటీలో కింది కుళాయి తెరిచి ఆ మడ్డి వదిలెయ్యాలి. అది స్ప్రింగు కుళాయి. చేత్తో నొక్కిపట్టుకున్నంతసేపే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది.

మా ఓడలో ఆ కుళాయి రెండు ఆవిరి పైపుల వెనక ఉండేది. నేల మీద పక్కకు తిరిగి పడుకుని, మోచెయ్యి దాకా ఆ పైపుల మధ్యలోంచి దూర్చి, కాలుతూ ఉంటే నొక్కిపట్టుకోవాలి. నా కుడి చేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అలాంటి చోటికి మనిషి రోజూ ఎందుకు వెళతాడు? నిమిషం పట్టుకోవాల్సింది పది సెకన్లే పట్టుకునేవాళ్లం. కొన్ని డ్యూటీల్లో అదీ లేదు.

నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం దాటుతున్నాం. నాది తెల్లవారుజాము నాలుగు నుంచి ఎనిమిది దాకా సెకండ్ ఇంజనీరుతో డ్యూటీ. ఓడ అటూ ఇటూ ఒరుగుతోంది. అయిదున్నరకి దీపాలు ఒకసారి మినుకుమన్నాయి. జనరేటర్ గొంతు దిగిపోయింది. తర్వాత ఆ శబ్దమంతా ఆగిపోయింది. ఇంజన్ గదిలో నిశ్శబ్దం కన్నా భయపెట్టేది లేదు. చీకట్లో సెకండ్ ఇంజనీరు నా భుజం పట్టుకుని, "కదలకు, నలభై అయిదు లెక్కపెట్టు" అన్నాడు. ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు తనంతట తాను అందుకోవాలని అంతర్జాతీయ నియమం. దాన్ని ఇంజన్ గదిలో పెట్టరు, పై డెక్ మీద పెడతారు, సొంత డీజిల్‌తో. కింద నీళ్లొచ్చినా, నిప్పంటుకున్నా అది పనిచెయ్యాలి కదా. ముప్ఫైకి చేరకముందే దీపాలు వెలిగాయి. ఇంజన్ మాత్రం ఆగిపోయింది. ఓడ అలలకు అడ్డం తిరిగింది.

ఫిల్టర్లు విప్పితే నల్లటి మడ్డి, దిబ్బరొట్టె పిండిలా. ఊపుకి ట్యాంకు అడుగున పేరుకున్నదంతా పైకి లేచి నూనె దారిలో కూరుకుపోయింది. జారిపోతున్న నేల మీద నిలబడి ఫిల్టర్లు కడిగి, నూనె దారి సరిచేసి, జనరేటర్ మళ్లీ నడిపించి, ఇంజన్ తిప్పేసరికి రెండు గంటలు పట్టింది. నడిసముద్రంలో మెకానిక్ రాడు. ఉన్నవాళ్లే చెయ్యాలి, ఉన్న సామానుతోనే.

ఆ ఉదయం నన్ను ఒడ్డుకి, డిజైన్ పనికి లాగింది. ఎందుకంటే, ఆ ఓడ డ్రాయింగుల్లో ఏ తప్పూ లేదు. తర్వాత తీసి చూశాను. ఒక కాగితం మీద ట్యాంకు, కుళాయి ఉన్నాయి. వేరే కాగితం మీద ఆవిరి పైపులు ఉన్నాయి. దేనికది ఒప్పే. రెండూ కలిసిన చోట ఒక మనిషి చెయ్యి ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు ఓడంతా కంప్యూటర్లో ముందే కట్టి చూస్తున్నారు, పైపుకి పైపు తగిలితే పట్టిస్తుంది. అయినా, ఇక్కడ చెయ్యి పడుతుందా, స్పానర్ తిరుగుతుందా, చీకట్లో ఊగే ఓడలో దీన్ని అందుకోగలడా అని గీసేవాళ్లే అడగాలి. నా దగ్గరికి వచ్చిన ప్రతి ట్యాంకు డ్రాయింగులో అడుగు వాలుగా ఉందా, కుళాయి ముందు చెయ్యి పట్టేంత జాగా ఉందా అని ముందు చూసేవాణ్ని. మా ఆఫీసు కుర్రాళ్లకి అది నా పిచ్చి అనిపించేది. వాళ్లలో ఇద్దరు ఓడ ట్రయల్‌కి వెళ్లొచ్చాక మళ్లీ ఆ మాట అనలేదు.

డిజైన్ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు ఒకటుంది. ఓడని తేలించడం అంత కష్టం కాదు, తిన్నగా నిలబెట్టడమే విద్య. స్వీడన్ రాజు కట్టించిన వాసా అనే యుద్ధనౌక 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో బయల్దేరి, 1300 మీటర్లు వెళ్లి, ఒక గాలి విసురుకి ఒరిగి మునిగిపోయింది. రెండంతస్తుల్లో 64 ఫిరంగులు, పైన బరువు ఎక్కువ, అడుగున తక్కువ. ముందే 30 మంది మనుషుల్ని డెక్ మీద ఈ పక్కనుంచి ఆ పక్కకి పరిగెత్తించి చూశారు. ఓడ మరీ ఊగిపోతుంటే పరీక్షనే ఆపేశారు. ఓడని మాత్రం ఆపలేదు.

ఆ పరీక్షే ఇవాళ మేం శ్రద్ధగా చేస్తాం. ఇంక్లైనింగ్ టెస్ట్ అంటారు. కొత్త ఓడ కట్టడం అయ్యాక, గాలి లేని తెల్లవారుజామున, తాళ్లు వదులు చేసి నీళ్లలో ఊరికే తేలనిస్తాం. పని లేనివాళ్లు దిగిపోవాలి, ఉన్నవాళ్లు గుర్తు పెట్టిన చోటే నిలబడాలి. లోపల పొడవాటి తీగకి తూకం గుండు వేలాడదీస్తాం. అది ఊగకుండా గుండుని నూనె బకెట్లో ముంచుతాం. తీగ పక్కన చెక్క కొలబద్ద. అప్పుడు డెక్ మీద లెక్క తెలిసిన ఇనప దిమ్మల్ని కొన్ని మీటర్లు పక్కకి జరుపుతాం. వేల టన్నుల ఓడ రెండు మూడు డిగ్రీలు ఒరుగుతుంది. తీగ కొలబద్ద మీద కొన్ని అంగుళాలు నడుస్తుంది. అందరూ ఊపిరి బిగబట్టి ఆ తీగనే చూస్తారు. ఎంత బరువు ఎంత దూరం జరిగితే ఎంత ఒరిగిందో తెలిస్తే, ఓడ బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉందో లెక్క తేలిపోతుంది. ట్యాంకులు సగం నిండి ఉంటే ఈ లెక్క పాడవుతుంది. వెడల్పు పళ్లెంలో నీళ్లు మోసి చూడండి, కొంచెం ఒరిగితే చాలు, నీళ్లన్నీ అటే పరిగెడతాయి. అందుకే ఓడ ట్యాంకుల్ని నిలువు గోడలతో విడదీస్తాం. సరిగ్గా మధ్యలో ఒక్క గోడ కడితే ఆ చెడు ప్రభావం నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంటర్ లెక్కలతో మీరే నిరూపించవచ్చు.

ఈ పనికి మన తీరం పరాయిది కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. కోరంగి, తాళ్లరేవుల్లో చెక్క ఓడలు కట్టారు. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునే రోజుల్లో, మేం న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోం అని కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. ఇక మన విశాఖలో 1948 మార్చి 14న జల ఉష అనే 8,000 టన్నుల ఓడ నీళ్లలోకి జారింది. జారవిడిచింది నెహ్రూ గారు. దాన్ని కట్టిన యార్డే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది.

చదువు సంగతి. ఇంటర్లో ఎంపీసీ ఉండాలి, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం. ఇంగ్లీషు కూడా అడుగుతారు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ పెట్టే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ మెరైన్ ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదవొచ్చు. మెకానికల్ చదివినవాళ్లకి ఏడాది శిక్షణతో వేరే దారి ఉంది. రంగులు సరిగా కనబడనివాళ్లని తీసుకోరు, కాబట్టి ముందే కంటి పరీక్ష చేయించుకోండి. డిజైన్ వైపు వెళ్లాలంటే నేవల్ ఆర్కిటెక్చర్. అది మన విశాఖలోనే ఉంది, ఖరగ్‌పూర్, మద్రాసు ఐఐటీల్లో, కొచ్చిలో కూడా ఉంది. ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఓడ ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్ దగ్గరికి పోకండి. నావికుల దగ్గర ఉద్యోగానికి రుసుము తీసుకోవడం చట్టానికి విరుద్ధం. ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ, డీజీ షిప్పింగ్, లైసెన్సు ఉన్న కంపెనీయేనా అని చూసుకోండి. మా బంధువుల అబ్బాయి వాళ్ల నాన్న పొలం అమ్మి ఇచ్చిన డబ్బు అలాగే పోయింది.

ఆ అమ్మాయి నాన్నగారి మాటలో నిజం ఉంది. మా చెల్లెలి పెళ్లికి నేను పసిఫిక్‌లో ఉన్నాను. నెలల తరబడి అదే పాతికమంది మొహాలు, 45 డిగ్రీల వేడి. అది పడని వాళ్లకి పడదు, అందులో తప్పేమీ లేదు. కానీ గీసే పని ఒడ్డునే, సాయంత్రానికి ఇంటికొస్తారు. ఇంకోటి, మీ తరానికి ఓడల్ని కొత్తగా గీయాల్సిన అవసరం వచ్చింది. 2050 ప్రాంతానికల్లా ఓడల పొగ భారం నికరంగా సున్నాకి రావాలని దేశాలన్నీ 2023లో అనుకున్నాయి. మిథనాల్ అనే ఇంధనంతో నడిచే ఓడలు వచ్చేశాయి. అదే దూరానికి ఇప్పటి నూనెతో పోలిస్తే మిథనాల్‌కి రెండింతలకు పైగా పెద్ద ట్యాంకు కావాలి. ఆ ట్యాంకు ఎక్కడ పెడతారు? సరుకు తగ్గిస్తారా, ఓడ పెంచుతారా, బరువు కేంద్రం ఎటు పోతుంది? ఇవన్నీ మీ లెక్కలు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. పొడవాటి స్టీలు గ్లాసుని బకెట్ నీళ్లలో ఖాళీగా నిలబెట్టి చూడండి, పక్కకి ఒరిగిపోతుంది. అందులో గుప్పెడు బియ్యం వేసి మళ్లీ నిలబెట్టండి. తర్వాత బియ్యం తీసేసి, అంతే బరువు నీళ్లు పోసి, వేలితో మెల్లగా తోసి చూడండి. రెండిట్లో ఏది తొందరగా తిన్నగా నిలబడిందో, ఎందుకో నాకు రాయండి.

మీ తాతయ్య