గాలికి తగిన డీజిల్

ఆటోనగర్,
విజయవాడ.

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు ముగ్గురూ డబ్బులు పోగు చేసి పాత స్విఫ్ట్ డీజిల్ కారు కొన్నారనీ, గుంటూరు కాలేజీకి అందులోనే వెళ్లి వస్తున్నారనీ విని చాలా సంతోషించాను. "తాతయ్యా, దీనికి పికప్ చాలడం లేదు, రీమ్యాప్ చేయించమంటావా?" అని, అంటే కారు కంప్యూటరులోని లెక్కలు మార్పించి బలం పెంచమంటావా అని, మొన్న ఫోనులో అడిగారు. నలభై ఏళ్లు డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేస్తూ బతికినవాణ్ని కనుక, ఆ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. బలం పెంచాలనుకోవడం తప్పు కాదు. అది ఎక్కడి నుంచి వస్తుందో, దాని భారం ఇంజనులో ఏ భాగం మోస్తుందో తెలిసిన తరువాత నిర్ణయం మీరే తీసుకోవచ్చునని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటర్ తొక్కితే గాలికి దారి తెరుచుకుంటుంది. డీజిల్ ఇంజనులో తొక్కితే డీజిల్ పెరుగుతుంది. ఇందులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ సుమారు పదిహేడో వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కి, అందులో పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి డీజిల్ కొంచెం ఎక్కువ పోస్తే కొంచెం ఎక్కువ బలం వస్తుంది. ఈ తేలికదనమే చాలామందిని మోసం చేస్తుంది. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర గ్రాముల గాలి చాలు గానీ, తుంపరగా పడిన డీజిల్‌కు గాలితో సమంగా కలిసేంత వ్యవధి దొరకదు కనుక, ఆచరణలో పద్దెనిమిది గ్రాముల కంటే తగ్గితే పొగ మొదలవుతుంది. సైలెన్సర్ నుంచి వచ్చే నల్లటి పొగ బలానికి గుర్తని కొందరు కుర్రవాళ్లు మురిసిపోతుంటారు. అది మీరు డబ్బు పెట్టి కొని, కాల్చలేక బయటికి వదిలేసిన డీజిల్.

మీ కారు ఇంజను 1,248 సీసీ. రెండు చుట్లకు ఒకసారే గాలి పీలుస్తుంది కనుక, 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి 2,000 చుట్లు) వద్ద, టర్బో సాయం లేకపోతే, అది నిమిషానికి 1,248 లీటర్లకు మించి గాలి పీల్చలేదు. టర్బో గాలిని కుక్కి పంపడం వల్లనే అదే జాగాలోకి ఇంచుమించు రెట్టింపు గాలి వెళుతుంది. అంత గాలి ఉన్నప్పుడు కూడా, పూర్తిగా తొక్కినా, ఒక్కో సిలిండరులో ఒక్కో మంటకు పడే డీజిల్ కంటిమందు సీసా నుంచి రాలే ఒక్క చుక్కంత మాత్రమే. ఆ చుక్కకు ఇంకో పావు చుక్క కలపాలంటే దానికి తగిన గాలి ఎక్కడిదని ముందుగా అడగాలి.

ఈ ప్రశ్న అడగకుండా నేనొకసారి పని చేశాను. 1990లలో ఒక మిర్చి సీజనులో, గుంటూరు యార్డుకు బస్తాలు తోలే ఒకాయన తన వ్యాను తీసుకొచ్చి, లోడు మీద ఎత్తు ఎక్కడం లేదు, పంపు కొంచెం పెంచమన్నాడు. అది టర్బో లేని పాత ఇంజను. పంపును బెంచి మీద ఎక్కించి, స్క్రూ తిప్పి డీజిల్ పెంచి ఇచ్చాను. బండి నల్లగా పొగ చిమ్ముతూ దూసుకుపోయింది, ఆయన సంబరపడ్డాడు, నేనూ గర్వపడ్డాను. పదిహేను రోజులకు చిలకలూరిపేట దాటిన తరువాత ఆగిపోయిన ఆ బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. హెడ్డు విప్పి చూస్తే మూడో పిస్టన్ తల మీద రూపాయి బిళ్లంత మేర కరిగి, అంచులు మైనంలా జారి ఉన్నాయి. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. సిలిండరులో మంట అంతకంటే చాలా ఎక్కువ వేడి. పిస్టన్ కింద తగిలే ఆయిల్, చుట్టూ ఉన్న గోడలు ఆ వేడిని ఎప్పటికప్పుడు లాక్కుపోవడం వల్లనే అది నిలబడుతుంది. నేను పెంచిన డీజిల్ ఆ వేడిని అవి లాగగలిగిన దానికంటే ఎక్కువ చేసింది. కొత్త పిస్టన్, లైనరు ఖర్చు నేనే పెట్టుకున్నాను గానీ, సీజను మధ్యలో ఆయన పోగొట్టుకున్న కిరాయిలు మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి గాలి చూడకుండా డీజిల్ పెంచలేదు.

మీ కారులో నేను తిప్పిన స్క్రూ ఉండదు. 1997లో ఆల్ఫా రోమియో 156తో మొదటిసారి కార్లలోకి వచ్చిన కామన్ రైలు పద్ధతి ఇప్పుడు మీ బానెట్ కింద ఉంది. రైలు అనే ఒక గట్టి గొట్టంలో డీజిల్ 1,600 బార్ దాకా ఒత్తిడితో నిలిచి ఉంటుంది. మీ టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కొంచెం పైన ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ అంకె ఎంతటిదో తెలుస్తుంది. ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో ఈసీయూ అనే కంప్యూటరు తనలోని పట్టికలు చూసి నిర్ణయిస్తుంది. ఆ పట్టికలనే మ్యాపులంటారు. వాటిలో డీజిల్ కొలత, టర్బో ఒత్తిడి, రైలు ఒత్తిడి, పొగ హద్దు, టార్క్ (ఇంజను తిప్పే బలం) హద్దు వేర్వేరుగా రాసి ఉంటాయి. రీమ్యాప్ అంటే ఇవన్నీ ఒకదానికొకటి పొసిగేలా తిరిగి రాయడం. బజారులో చవకగా అమ్మే ట్యూనింగ్ బాక్సు ఆ పని చేయదు. రైలు సెన్సరు వైరు మధ్యలో కూర్చుని, ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా ఉందని కంప్యూటరుకు అబద్ధం చెబుతుంది. కంప్యూటరు ఆ మాట నమ్మి ఒత్తిడి పెంచుతుంది. గాలి లెక్క మాత్రం అక్కడే ఉంటుంది. ఆ బాక్సు జోలికి వెళ్లకండి.

ఇదే ఇంజను స్విఫ్ట్‌లో 4,000 ఆర్‌పీఎం వద్ద 75 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇస్తుంది, అదే కంపెనీ ఎస్‌ఎక్స్4 కారులో 90 పీఎస్ ఇచ్చింది. అయితే కంపెనీ వాళ్లు అంకె ఒక్కటే మార్చలేదు, టర్బోనే మార్చారు. మీ దానిలో టర్బో రెక్కల కోణం స్థిరంగా ఉంటుంది, ఎస్‌ఎక్స్4 టర్బోలో వేగాన్ని బట్టి రెక్కలు కదులుతాయి. పదిహేను పీఎస్ కోసం వాళ్లు గాలి ఏర్పాటునే మార్చారంటే, లాప్‌టాప్ పెట్టి అరగంటలో అంతకు మించి తెస్తానన్నవాడి మాటను ఎంతవరకు నమ్మాలో ఆలోచించండి.

ఇంకొక సంగతి. ఆ మ్యాపు ఫైళ్లు చల్లని దేశాల్లో తయారైనవి కావచ్చు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే మన బెజవాడ మే నెల మధ్యాహ్నపు 45 డిగ్రీల గాలి సుమారు ఆరు శాతం పలచన. జనవరిలో పొగ లేకుండా నడిచిన మ్యాపు మేలో పొగ పోయడానికి ఆ ఆరు శాతమే చాలు. కనుక ఎవరు చేసినా ఎండాకాలాన్ని లెక్కలోకి తీసుకుని రాయమని అడగండి. నా మట్టుకు నేను పది, పదిహేను శాతం పెంపు దగ్గర ఆగమంటాను.

అసలు దానికంటే ముందు చేయవలసిన పని వేరే ఉంది. పాత కారులో మీరు పెంచాలనుకుంటున్న బలంలో కొంత, కంపెనీ ఇచ్చి, ఈ మధ్యకాలంలో పోయినదే అయి ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్చండి. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు పైపులను చేతితో తడిమి చూడండి. ఎక్కడైనా నూనె తడి మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ సన్నని చీలిక ఉండే అవకాశం ఎక్కువ. బండి ఆపి చూస్తే అది కనబడదు. తొక్కినప్పుడు గాలి ఒత్తిడికి పెదవుల్లా విచ్చుకుని, సన్నగా ఈల వేసి, తొక్కడం మానగానే మూసుకుపోతుంది. టర్బో కుక్కిన గాలి అలా బయటికి పోతూ ఉంటే ఏ మ్యాపు రాసినా వృథా.

తరువాత ఇంజెక్టర్లు. నాలుగింటి రిటర్న్ పైపులూ విప్పి, నాలుగు చిన్న సీసాలకు తగిలించి, ఇంజనును కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచుతాం. నాలుగు సీసాల్లోనూ డీజిల్ ఇంచుమించు ఒకే మట్టానికి రావాలి. ఒక సీసా మిగతా వాటికంటే ముందే నిండిపోతే ఆ ఇంజెక్టరు లోపల అరిగి, లోనికి వెళ్లవలసిన డీజిల్‌ను వెనక్కు వదిలేస్తోందని అర్థం. ఈ పరీక్ష మీరు దగ్గరుండి చూడాలని నా కోరిక. పిల్లలకు డీజిల్ ఇంజను గురించి చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పాఠం లేదు: కంటికి కనబడని చోట జరిగే పని నాలుగు గాజు సీసాల్లో కనబడుతుంది.

ఇవన్నీ సరిచేసి ఒక నెల నడపండి. అప్పటికీ చాలలేదనిపిస్తే రీమ్యాప్ మాట్లాడుకుందాం. చేసేవాడు ముందు మీ పాత ఫైలు కాపీ తీసి మీ చేతికివ్వాలి. చేయకముందు, చేసిన తరువాత డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద నడిపిన గ్రాఫులు చూపించాలి. ఆ గ్రాఫులో శిఖరం అంకె చూడకండి, 1,800 నుంచి 3,000 ఆర్‌పీఎం వరకు గీత ఎలా ఉందో చూడండి. మీరు రోజూ బతికేది అక్కడే. 1,800 లోపే టార్క్ ఒక్కసారిగా ఎగబాకితే ఆ దెబ్బ మొదట క్లచ్‌కు తగులుతుంది. ఐదో గేరులో తొక్కినప్పుడు ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని తెలుసుకోండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు శిక్ష గానీ, రెండూ గానీ ఉండవచ్చు. కనుక రీమ్యాప్ విషయం ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడగండి. ఈజీఆర్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఏర్పాటు) మూసేస్తామని, పొగ వడకట్టే సామాను తీసేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఆ పొగ పీల్చేది మీ వెనుక స్కూటరు మీద వస్తున్నవాళ్లు.

నడపడంలోని ఆనందం గురించి మీరు అడగలేదు గానీ, నా మనసుకు దగ్గరైన సంగతి అదే. వారధి దాటి మంగళగిరి వైపు తిరిగినప్పుడు, ముందు లారీ ఉంటే, నాలుగో గేరులో 1,400 దగ్గర తొక్కి బండి కదలడం లేదని అనుకుంటాం. మూడుకు దించి 2,200కు తెచ్చి తొక్కితే అదే బండి వీపును సీటుకు అదుముతుంది. మంచి టైర్లు, సరైన గాలి, నూనె కారని షాక్ అబ్జార్బర్లు, సమంగా పట్టే బ్రేకులు ఉంటే 75 పీఎస్ కారు కూడా చేతికి హాయిగా ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి 100కు వెళితే బ్రేకులు ఆపవలసిన శక్తి 56 శాతం పెరుగుతుంది. అందుకే బలానికి పెట్టే మొదటి రూపాయి బ్రేకులకు పెట్టమంటాను. హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక ఆపిన వెంటనే కీ తిప్పేయకండి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో ఇరుసు పలచని ఆయిల్ పొర మీదే తేలుతూ ఉంటుంది. వేడి మీద ఉన్నప్పుడు ఆయిల్ ఆగిపోతే అక్కడే మాడి బొగ్గు కడుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే కారు తీసుకుని రండి. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో ఆ బిల్లు వెతికి తెచ్చుకోండి. సీసాలు నేను కడిగి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య