లవం సరే, హారం ఏది? అమెరికా ప్రైమరీ ఓటర్లపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఓటర్ల జాబితాలతో కుస్తీ పట్టడం నా ఉద్యోగం. ఎవరు ఎక్కడ నమోదయ్యారు, వయసెంత, ఏ ఎన్నికలో ఓటు వేశారు, ఏది ఎగ్గొట్టారు అన్న వివరాలు లక్షల వరుసల్లో వస్తాయి. వాటిని శుభ్రం చేసి లెక్కలు తీస్తాను. ఎవరికి ఓటు వేశారన్నది అందులో ఉండదు. ప్రతి విందులోనూ ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతారు కాబట్టి ఇది ముందే చెప్పేస్తున్నాను.

ప్రైమరీ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. మన దగ్గర పార్టీ టికెట్ అధిష్ఠానం చేతిలో ఉంటుంది. అక్కడ ఆ టికెట్ ఎవరికివ్వాలో కూడా ఓటర్లే తేలుస్తారు. ఆ కాలం వచ్చిందంటే టీవీ చర్చలు చూడాలంటే నాకు గుబులు. అక్కడ చెప్పే అంకెలు తరచుగా సరైనవే. కానీ లవం చెప్పి హారం మింగేస్తారు.

అపోహ: ఓటర్లలో యువత శాతం తగ్గింది, కాబట్టి యువత ఇంట్లో కూర్చుంది.

2020 మార్చి 3న, చాలా రాష్ట్రాల్లో ఒకేసారి ప్రైమరీలు జరిగే సూపర్ ట్యూజ్‌డే నాడు, వర్జీనియా డెమోక్రటిక్ ప్రైమరీ జరిగింది. వచ్చిన ఓటర్లలో 30 ఏళ్లలోపువారు 13 శాతమని ఎగ్జిట్ పోల్ చెప్పింది. 2016లో అది 16 శాతం. ఇంకేముంది, డెమోక్రటిక్ టికెట్ కోసం పోటీపడ్డ బెర్నీ శాండర్స్ నమ్ముకున్న యువత ముఖం చాటేసిందని మర్నాటికల్లా తీర్పు వచ్చేసింది. యువతను అనుకున్నంతగా రప్పించలేకపోయామని శాండర్స్ కూడా ఒప్పుకున్నారు.

ఇప్పుడు హారం చూద్దాం. 2016లో ఆ ప్రైమరీలో పడిన ఓట్లు సుమారు 7.85 లక్షలు. 2020లో 13.2 లక్షలు. 7.85 లక్షల్లో 16 శాతం అంటే దాదాపు 1.26 లక్షల మంది. 13.2 లక్షల్లో 13 శాతం అంటే దాదాపు 1.72 లక్షల మంది. ఎగ్జిట్ పోల్ అంకెల్నే నమ్మినా, యువ ఓటర్లు 46 వేల వరకు పెరిగారు. పెద్దవాళ్లు అంతకన్నా వేగంగా పెరిగారు, అందుకే వాటా తగ్గింది. శాండర్స్‌కు ఫలితం ఒకటే కావచ్చు. కానీ "యువత రాలేదు" అన్నదీ "నడివయసువాళ్లు వెల్లువలా వచ్చారు" అన్నదీ ఒకే కథ కాదు. మొదటిదాన్ని నమ్మిన ప్రచార బృందం డబ్బు ఒకచోట ఖర్చు పెడుతుంది, రెండోదాన్ని నమ్మినది మరోచోట.

ఆ వెల్లువ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. వర్జీనియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ చెప్పనక్కర్లేదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే అది ఇస్తారు, ఒక్కటి మాత్రమే. 2016లో రెండు పార్టీలకూ ఒకే రోజు ప్రైమరీ జరిగింది. రిపబ్లికన్ వైపు పది లక్షలకు పైగా ఓటు వేశారు. 2020లో అధ్యక్షుడు ట్రంప్‌కు చెప్పుకోదగ్గ పోటీ లేదు, ఆ పార్టీ అక్కడ ప్రైమరీ పెట్టనే లేదు. ఒకే ముహూర్తానికి ఊళ్లో రెండు పెళ్లిళ్లు ఉన్న రోజు ఒక పందిట్లో లేచిన విస్తళ్లు లెక్కపెట్టి, ఒకే పెళ్లి ఉన్న రోజు విస్తళ్లతో పోల్చితే ఎలా ఉంటుంది? పెరిగిన 5.4 లక్షల మందీ అటు నుంచి వచ్చినవాళ్లే అనడం లేదు. రెండు గుంపులూ ఒకటి కావు అంటున్నాను. వాటి వయసుల వాటాలను పక్కపక్కన పెట్టి గీత గీసే ముందు ఈ మాట చెప్పాలి కదా. ఆ రాత్రి నేను తిప్పిన ఛానళ్లలో ఎవరూ చెప్పలేదు.

అపోహ: ప్రైమరీలో రికార్డు పోలింగ్ జరిగితే నవంబరు సాధారణ ఎన్నికలో ఆ పార్టీదే గెలుపు.

1988లో డెమోక్రటిక్ ప్రైమరీలకు రిపబ్లికన్ ప్రైమరీలకన్నా దాదాపు రెట్టింపు మంది వచ్చారు. నవంబరులో డుకాకిస్ ఓడారు, జార్జ్ బుష్ సీనియర్ గెలిచారు. 2008లో డెమోక్రాట్లు విపరీతంగా వచ్చారు, గెలిచారు కూడా. ప్రైమరీకి జనాన్ని రప్పించేది ముఖ్యంగా పోటీ. ఒబామాకు హిల్లరీ క్లింటన్‌తో నెలల తరబడి సాగినటువంటి పోటీ ఉంటే వస్తారు, ఫలితం ముందే తెలిసిపోతే రారు. పైగా 2016 ప్రైమరీలు బాగా వేడెక్కినా, ఓటు హక్కున్నవారిలో వాటికి వచ్చింది 30 శాతంలోపే. నవంబరులో సుమారు 60 శాతం వచ్చారు. సగం మంది ఇంకా గుమ్మం దాటకముందే ఫలితం చెప్పేస్తున్నామన్నమాట.

అపోహ: ఒక రాష్ట్రంలో ఒక పార్టీ ఓటర్ల మనసు ఒక్కటే, పద్ధతి ఏదైనా అదే బయటపడుతుంది.

ఇది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. 2016లో వాషింగ్టన్ రాష్ట్ర డెమోక్రాట్లు మార్చిలో కాకస్ పెట్టారు. కాకస్ అంటే బ్యాలెట్ వేసి వెళ్లిపోయేది కాదు. నిర్ణీత సమయానికి సమావేశానికి వెళ్లి, గంటల తరబడి కూర్చుని, అందరి ముందూ ఎటువైపో తేల్చుకోవాలి. సుమారు 2.3 లక్షల మంది వెళ్లారు. శాండర్స్‌కు 70 శాతం పైనే మద్దతు దక్కింది. అదే రాష్ట్రంలో మే నెలలో ప్రైమరీ కూడా జరిగింది. పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధుల ఎంపికకు దానితో సంబంధం లేదు. అయినా తపాలాలో ఇంటికొచ్చిన బ్యాలెట్ నింపి సుమారు 8 లక్షల మంది పంపారు. ఈసారి క్లింటన్ గెలిచారు. నెబ్రాస్కాలోనూ ఇదే జరిగింది. మార్చి కాకస్ శాండర్స్‌ది, మే ప్రైమరీ క్లింటన్‌ది.

రెండు నెలల్లో రాష్ట్రం మనసు మారిందా? కొంత మారి ఉండవచ్చు. కానీ శనివారం పూట గంటలు గంటలు కేటాయించగలిగేది ఎవరు? రాత్రి షిఫ్టు నర్సు, పసిపిల్లల తల్లి, మోకాళ్ల నొప్పుల ముసలాయన వెళ్లగలరా? కాకస్ జనాన్ని చూసి "ఈ రాష్ట్రం ఓటర్లు ఇలాంటివారు" అని రాసేవాళ్లు గదిలో కూర్చున్నవాళ్లను వర్ణిస్తున్నారు, రాష్ట్రాన్ని కాదు.

అపోహ: ఎగ్జిట్ పోల్ అంటే వచ్చినవారి లెక్క.

అది లెక్క కాదు, అంచనా. ఎంపిక చేసిన కొన్ని పోలింగ్ కేంద్రాల బయట నిలబడి, బయటికి వచ్చేవారిలో ఇన్నో మనిషిని ఆపి, చేతికి ఒక కాగితమో ట్యాబ్లెట్టో ఇస్తారు. కొందరు నింపుతారు, కొందరు దండం పెట్టి వెళ్లిపోతారు. వెళ్లిపోయేవారిలో వయసు మళ్లినవారు ఎక్కువ. సాయంత్రం ఐదింటికి తెరమీద కనిపించే వాటాలు ఆ రోజు పూర్తికాకముందువి. ఓట్లు లెక్కించాక అసలు ఫలితానికి సరిపోయేలా ఒక్కో జవాబుకిచ్చే బరువు (వెయిట్) మారుస్తారు, దాంతో వాటాలూ కదులుతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రపు అంకెలతో నివేదిక పంపేసి, తెల్లారి తలవంచుకుని సవరణ పంపినవాణ్ణి నేనే.

చిన్న వర్గాల విషయంలో ఇది మరీ ప్రమాదం. 2016 ఫిబ్రవరి నెవడా డెమోక్రటిక్ కాకస్‌లో లోపలికి వెళ్లేవారిని అడిగిన పోల్, లాటినోల్లో (లాటిన్ అమెరికా మూలాలున్నవారిలో) శాండర్స్‌కు 53, క్లింటన్‌కు 45 శాతం ఇచ్చింది. రాత్రికి రాత్రే పెద్ద వార్త అయింది. రాష్ట్రం మాత్రం క్లింటన్ గెలిచారు. లాస్ వెగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో లాటినోలు ఎక్కువగా ఉండే పోలింగ్ కేంద్రాల ఫలితాలు చూస్తే ఆవిడ వైపే మొగ్గు. ఆ 53కు ఆధారం కొద్ది వందల మంది జవాబులే. వందమందిని ఏ పక్షపాతమూ లేకుండా ఎంచుకున్నా అటూ ఇటూ పది శాతం తేడా సహజం. కొన్ని కేంద్రాల దగ్గరే గుంపుగా దొరికినవారైతే ఇంకా ఎక్కువ. లాటినోల్లో శాండర్సే గెలిచి ఉండే అవకాశాన్నీ నేను కొట్టిపారేయను. ఆ అంకె మాత్రం అది నిరూపించలేదు.

పెద్ద వర్గాలు కూడా తప్పించుకోలేవు. 2016 సాధారణ ఎన్నికలో డిగ్రీ లేని శ్వేతజాతి ఓటర్లు 34 శాతమని ఎగ్జిట్ పోల్ చెప్పింది. తర్వాత ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ తన సర్వేలో పాల్గొన్నవారిని ఓటరు జాబితాలతో సరిచూసి 44 శాతమని తేల్చింది. పది శాతం తేడా. అప్పటికి ఆ 34 మీద ఎన్ని సిద్ధాంతాలు పుట్టాయో!

అపోహ: డిగ్రీ లేనివారంటే పేద శ్రామికులు.

సర్వేలో అడిగేది చదువు గురించి, తెరమీద వినిపించేది వర్గం గురించి. పది మందిని పనిలో పెట్టుకున్న ప్లంబింగ్ యజమానికి డిగ్రీ లేకపోవచ్చు. గంటల లెక్కన జీతం తీసుకునే కాలేజీ అధ్యాపకురాలికి రెండు డిగ్రీలు ఉండవచ్చు. 2016 ప్రైమరీల ఎగ్జిట్ పోల్స్ ఆధారంగా వేసిన ఒక అంచనాలో, డిగ్రీ లేనివారి అభ్యర్థిగా పేరుపడ్డ ట్రంప్ ఓటర్ల కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి సుమారు 72 వేల డాలర్లు. దేశం మొత్తానికి అది 56 వేలు. ప్రైమరీలకు వచ్చేవారే సగటు కన్నా కాస్త కలిగినవారు.

అపోహ: ఫలానా రాష్ట్రంలో ఇంతమంది "నమోదైన డెమోక్రాట్లు" ఓటు వేశారు.

టెక్సస్, జార్జియా, మిషిగన్ లాంటి చోట్ల పార్టీ పేరుతో నమోదన్నదే లేదు. న్యూయార్క్‌లో దానికి పూర్తిగా వ్యతిరేకం, ఆ పార్టీ పేరుతో నమోదైనవారికే దాని ప్రైమరీలో ఓటు. 2016 ఏప్రిల్ ప్రైమరీలో ఓటు వేయాలంటే అప్పటికే నమోదైనవాళ్లు పార్టీని 2015 అక్టోబరులోపే మార్చుకోవాలి. గడువు దాటిపోవడంతో ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ సొంత తండ్రికే ఓటు వేయలేకపోయారు.

అపోహ: మనవాళ్లు ఓటు వేయరు.

ఇది టీవీలో కన్నా తెలుగు సంఘాల సమావేశాల్లో ఎక్కువ వినిపిస్తుంది. పోలింగ్ శాతం కట్టేటప్పుడు 18 నిండిన ప్రతి నివాసినీ హారంలో వేస్తే, హెచ్-1బీ వీసా మీదున్నవారు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా వరుసలో ఉన్నవారు, గ్రీన్‌కార్డు వచ్చినా పౌరసత్వం రానివారు అందరూ అందులో పడతారు. వాళ్లకు ఓటే లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే శివారు పట్టణాల్లో ఈ తేడా చిన్నది కాదు. హక్కున్నవారిలో ఎందరు వచ్చారన్నది వేరే ప్రశ్న.

దానికి జవాబు చెప్పాలన్నా ముందు తెలుగువారెవరో తెలియాలి. జార్జియా, ఫ్లోరిడా, ఉత్తర కరోలినా లాంటి కొన్ని రాష్ట్రాలు నమోదు పత్రంలో జాతి అడుగుతాయి. అక్కడా మనకు ఉండేది "ఆసియన్" లాంటి ఒక్క గడే. మిగతాచోట్ల ఇంటిపేరు, నివసించే పేట చూసి మాలాంటివాళ్లం ఊహిస్తాం. జనగణన శాఖ ఇచ్చే ఇంటిపేర్ల పట్టికలో కనీసం వందమందికి ఉన్న పేర్లే ఉంటాయి. మన అరుదైన ఇంటిపేర్లు అందులో ఉండవు. ఇక పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందో వెనకో పడినవారి సంగతి చెప్పనక్కర్లేదు. చివరి పేరు పాల్ అని ఉన్న తెలుగు క్రైస్తవుణ్ణి యంత్రం శ్వేతజాతీయుడిగానో నల్లజాతీయుడిగానో చేరుస్తుంది. ప్రసాద్ అంటే గుంటూరు కావచ్చు, పాట్నా కావచ్చు, ఫిజీ దీవులూ కావచ్చు. రావు చైనాలో కూడా ఇంటిపేరే.

గత ప్రైమరీ ముగిశాక మా వీధిలో ఉండే ఒక పెద్దాయన నడకలో కలిసి, "మనవాళ్ల పోలింగ్ ఎంత శాతం బాబూ?" అని అడిగారు.

"అది చెప్పలేనండీ. మీరు వేశారో లేదో మాత్రం జాబితా చూసి కచ్చితంగా చెప్పగలను" అన్నాను.

ఆయన ఈ ఏడాది చలి ఎక్కువగా ఉందన్నారు.