గుంటూరు నుంచి నేలపాడు దాకా: హైకోర్టు పీఠం వెనుక చట్టాల చరిత్ర

కర్నూలులో హైకోర్టు బెంచ్ (ప్రధాన పీఠం కాక మరో చోట న్యాయమూర్తులు కూర్చునే ఏర్పాటు) నెలకొల్పాలని శాసనసభ 2024 నవంబరులో తీర్మానించిన తరువాత, హైకోర్టు ఎక్కడ ఉండాలన్నది ఎవరు నిర్ణయిస్తారనే ప్రశ్న గుంటూరు, విజయవాడ న్యాయవాదుల మధ్య మళ్ళీ చర్చకు వచ్చింది. దీనికి సమాధానం ఒక్క ప్రభుత్వ ఉత్తర్వులో దొరకదు. 1937 నాటి ఒప్పందం నుంచి మొదలుపెట్టి చూడవలసి ఉంటుంది.

1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టే కోస్తా, రాయలసీమ జిల్లాలకు తొంభై ఏళ్ళకు పైగా పై న్యాయస్థానం. గుంటూరు మున్సిఫ్ కోర్టులో మొదలైన భూమి తగాదా రెండో అప్పీలు దాకా సాగితే, కక్షిదారు మద్రాసు రైలెక్కక తప్పేది కాదు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో హైకోర్టు ప్రస్తావన రావడానికి ఈ దూరాభారం ఒక కారణమైతే, కోస్తా పెత్తనంపై సీమ నాయకులకున్న భయం అంతకంటే పెద్ద కారణం. రాజధాని, హైకోర్టు చెరొక ప్రాంతంలో ఉండాలని, ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమకు ఉండాలని అందులో రాసుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సీమ రాజధానిని కోరుకుంది. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వచ్చింది.

ఆ హైకోర్టు 1954 జులైలో పని మొదలుపెట్టింది. తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తరువాతి కాలంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించజాలదని 1967లో గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పిన ధర్మాసనానికి నాయకత్వం వహించినది ఆయనే. అంతటి న్యాయమూర్తితో మొదలైన కోర్టు గుంటూరులో నిండా రెండున్నరేళ్ళు కూడా నిలవలేదు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం దాని పరిధిని తెలంగాణకు విస్తరింపజేసి, ప్రధాన పీఠాన్ని హైదరాబాద్‌కు మార్చింది. మద్రాసు దూరం తప్పిందనుకున్న కక్షిదారులకు సుమారు 275 కిలోమీటర్ల హైదరాబాద్ దూరం మొదలై, అరవై రెండేళ్ళు కొనసాగింది.

ఇక్కడ చట్టం చేసిన అధికార విభజనను జాగ్రత్తగా గమనించాలి, ఎందుకంటే బహిరంగ చర్చల్లో ఎక్కువగా మరుగున పడేది ఇదే. జిల్లా కోర్టు, దాని కింద సీనియర్, జూనియర్ సివిల్ జడ్జి కోర్టుల నిర్మాణం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలోని, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల అంశం. ఆ కోర్టులకు సంబంధించి రాష్ట్రం చట్టం చేయవచ్చు, 1972లో సివిల్ కోర్టుల చట్టాన్ని చేసింది కూడా. హైకోర్టుల నిర్మాణం మాత్రం పార్లమెంటు మాత్రమే చట్టం చేయగల కేంద్ర జాబితాలో ఉంది. కింది కోర్టులపై పర్యవేక్షణను రాజ్యాంగంలోని 235వ అధికరణం హైకోర్టుకే అప్పగించింది. రెవెన్యూ జిల్లాల సరిహద్దులు మారినంత మాత్రాన న్యాయ జిల్లాల సరిహద్దులు వాటంతటవే మారవు. విజయవాడ ఎంత పెద్ద నగరమైనా కృష్ణా జిల్లా ప్రధాన న్యాయస్థానం మచిలీపట్నంలో ఉండడం స్థానికులకు తెలిసిన విషయమే.

2014 పునర్విభజన చట్టంలోని 30, 31 సెక్షన్లు ఈ అధికార విభజన ఆధారంగానే నడిచాయి. కొత్త హైకోర్టు వచ్చేదాకా హైదరాబాద్‌లోనిదే రెండు రాష్ట్రాలకు ఉమ్మడి హైకోర్టు అని మొదటిది చెప్పింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన పీఠాన్ని రాష్ట్రపతి నోటిఫికేషన్ ద్వారా నిర్ణయిస్తారని రెండోది చెప్పింది. ఆ ఉత్తర్వు 2018 డిసెంబరు 26న వెలువడింది. 2019 జనవరి 1 నుంచి కోర్టు పనిచేయాలని అందులో ఉంది. వారం రోజులు కూడా లేని ఆ వ్యవధి న్యాయవాదులకు, సిబ్బందికి న్యాయం చేసిందని నేననుకోను. విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో న్యాయమూర్తులు ప్రమాణం చేశారు, కోర్టు తొలుత నగరంలోని ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయంలో నడిచింది, తరువాత అమరావతిలోని నేలపాడు భవనానికి మారింది.

2020లో మూడు రాజధానుల చట్టం కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొంది. అయితే ప్రధాన పీఠం తరలింపు పునర్విభజన చట్టం ప్రకారమే జరగాలని ఆ చట్టమే ఒప్పుకుంది. 2021లో అది రద్దయింది.

ఇప్పుడు కోరుతున్నది పీఠం మార్పు కాదు, బెంచ్ మాత్రమే. ప్రధాన పీఠం వెలుపల న్యాయమూర్తులు కూర్చోవాలంటే గవర్నరు ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి ఆ స్థలాన్ని నిర్ణయించాలని 31వ సెక్షన్ చెబుతోంది. శ్రీబాగ్ నాడు రాయలసీమకు ఇచ్చిన మాటను గుర్తుంచుకుంటే కర్నూలు కోరికలో న్యాయముందని నేను నమ్ముతాను. అనంతపురం కక్షిదారుకు నేలపాడు, ఒకనాడు గుంటూరు రైతుకు మద్రాసు ఉన్నంత దూరమే. కానీ శాసనసభ తీర్మానం ఆ ప్రక్రియలో ఒక అభ్యర్థన మాత్రమే. స్థలాన్ని నిర్ణయించే చట్టబద్ధమైన అధికారం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చేతిలోనే ఉంది.