బోటంటే భయం, ఒడ్డంటే ధీమా: గోదావరి డెల్టాకి వచ్చేవాళ్ల అపోహలు

కాకినాడ నుంచి జనాన్ని కోరంగి, యానాం, ద్రాక్షారామం, అంతర్వేది తిప్పి చూపించడం నా పని. ఫోన్ చేసిన కుటుంబాల్లో చాలామంది రేటు కంటే ముందు అడిగేది ఇదే: "బోటు ఎక్కొచ్చా అండీ? ఏం కాదు కదా?" ఆ కుటుంబమే అంతర్వేదిలో కారు దిగగానే పిల్లల్ని నీళ్లలోకి వదిలేస్తుంది. భయపడాల్సిన చోట భయం లేదు. సెలవుల్లో ఇది చూసీ చూసీ రాస్తున్నాను.

అపోహ: నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి, మోకాలి లోతే, దిగితే ఏమవుతుంది?

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన వేసవిలో గోదావరి పాయలు కదులుతున్నట్టే కనిపించవు. పైనుంచి వచ్చే నీరు తక్కువ. సముద్రపు పోటు మాత్రం రోజుకు రెండుసార్లు పాయల్లోకి ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. సుమారు ఆరు గంటలు ఎక్కడం, ఆరు గంటలు తీయడం. ఆ వేళ కూడా రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుకే "నిన్న ఇదే టైముకి దిగాం, ఏం కాలేదు" అన్న ధైర్యం పనికిరాదు. అమావాస్య, పున్నమి రోజుల్లో లాగుడు ఇంకా ఎక్కువ. నీళ్లు తీసేటప్పుడు పైకి ఏమీ తెలియకపోవచ్చు, కాళ్ల కింద మాత్రం ఇసుక జారిపోతూ ఉంటుంది.

ఇక అడుగు సంగతి. వరద వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారతాయి. పోయిన ఏడాది పిల్లలు ఆడుకున్న తిన్నె అంచున ఈ ఏడాది నిలువు లోతు ఉండొచ్చు. ఇసుక తవ్వి వదిలేసిన గోతులు వేరే. మోకాలి లోతులో నడుస్తున్న మనిషికి తర్వాతి అడుగులో తల మునుగుతుందని తెలిసే దారే లేదు. ఒకడు జారితే పట్టుకోబోయి రెండోవాడు, వాణ్ణి లాగబోయి మూడోవాడు. ఒకే ఇంట్లో, ఒకే స్నేహబృందంలో అంతమంది పోయారని చదివినప్పుడల్లా జరిగింది ఇదే అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర దీనికి "పుణ్యస్థలం, స్వామి చూసుకుంటాడు" అన్న మాట కూడా తోడవుతుంది. ఒకసారి నాతో వచ్చిన కుటుంబంలో నాయనమ్మగారు బోటు పేరెత్తితేనే దండం పెట్టేశారు. సరేనని గట్టు దగ్గర ఆగాం. నేను వద్దంటున్నా మనవడు దిగాడు. వాళ్ల నాన్న "పర్లేదండీ, మోకాలి లోతేగా" అన్నారు. దగ్గర్లో వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన "బాబూ, నీళ్లు తీసేత్తన్నాయ్, పైకొచ్చెయ్!" అని కేకేశాడు. ఆ కేక అవుతూనే పిల్లాడు భుజాల దాకా దిగిపోయాడు. పెద్దాయన గెడ అందించబట్టి పైకి వచ్చాడు. అంతసేపూ నాయనమ్మగారి నోట మాట లేదు. ఇంటికి వెళ్లేదాకా పిల్లాడి చెయ్యి వదల్లేదు. ఆవిడ మీద నాకు కోపం ఎందుకుంటుంది? ఆవిడకు బోటు గురించి అందరూ చెప్పారు, ఒడ్డు గురించి ఎవరూ చెప్పలేదు.

స్నానం చేయాలనుకుంటే కట్టిన రేవులో, మెట్ల మీద కూర్చుని చెంబుతో పోసుకోండి. పుణ్యం తగ్గదు. సంగమం దగ్గర దిగాల్సిన పనే లేదు. అక్కడ చేపల వేట చేసుకునేవాళ్లు చెప్పిన మాట వినండి, రీల్స్ చూసి రాకండి.

అపోహ: కచ్చులూరులో జరిగింది కాబట్టి ఇక్కడ బోటే ఎక్కకూడదు.

ఈ భయం నాకు అర్థమవుతుంది. 2019 సెప్టెంబర్ 15న 77 మందితో వెళ్తున్న బోటు మునిగితే 26 మందే బయటపడ్డారు. కానీ కచ్చులూరు రాజమండ్రికి చాలా ఎగువన, పాపికొండల దారిలో, కొండల మధ్య నది ఇరుకై సుడులు తిరిగే చోటు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. కోరంగిలో మీరు ఎక్కేది మడ అడవి మధ్య కాలువలో నడిచే బోటు. రెండింటినీ కలిపి భయపడొద్దు. అలాగని లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. ఉక్కగా ఉన్నా వేసుకుని, బకిల్స్ పెట్టి, బిగించండి. పిల్లలకి పిల్లల సైజే అడగండి, లేదంటే ఎక్కకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వర్షాకాలంలో వచ్చేవాళ్లు ఆ వార్త చూసుకుని బయల్దేరాలి. హెచ్చరిక ఉన్నప్పుడు "డబ్బు ఎక్కువిస్తాం, తీసుకెళ్లు" అని పడవవాళ్లను బతిమాలడం మహా తప్పు.

కోరంగిలో "నీళ్లు లేవు, బోటు ఇప్పుడు రాదు" అంటే మోసం అనుకుని గొడవ పడేవాళ్లున్నారు. పోటు లేనప్పుడు కాలువలో బోటు తేలదు, అంతే. ఆ గంటా చెక్కవంతెన మీద నడవండి. మడచెట్ల ఊపిరి వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకుని కనిపించేది నీళ్లు తీసినప్పుడే.

మిగతావి త్వరగా చెప్తాను. యానాం వెళ్లడానికి ఏ పర్మిటూ అక్కర్లేదు. ఫ్రెంచివాళ్లు 1954లో వెళ్లిపోయారు, ఊరు పుదుచ్చేరి కింద ఉంది. అక్కడ "బీచ్" అన్నది గోదావరి పాయ గౌతమి గట్టు, సముద్రం కాదు. కోరంగిలో 1839 తుఫానులో మునిగిన ఓడలు చూపించమంటారు. చూడటానికి ఏమీ లేదు, ఎవరైనా చూపిస్తామంటే నమ్మకండి. పులస వరదనీటి కాలపు చేప. సంక్రాంతికి వచ్చి పులస పులుసు తిన్నామంటే మీరు తిన్నది వేరే చేప, కట్టింది పులస డబ్బు. గొట్టం కాజా కాకినాడది, మడత కాజా తాపేశ్వరానిది, రెండూ కొనుక్కోండి. ద్రాక్షారామం, సామర్లకోట ఒక పూటలో చూడొచ్చు. వాటితో పాటు అంతర్వేది, పాపికొండలు కూడా అదే రోజు అంటే మాత్రం రోడ్డు తప్ప ఏదీ చూడరు.

హోప్ ఐలాండ్ రిసార్టు కాదు. కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలకుండా అడ్డుగా ఉన్న ఇసుక దిబ్బ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఒడ్డునే. ఆ రోజుల్లో వెళ్తే ప్లాస్టిక్ వదలకండి, తాబేలు కనిపిస్తే దూరంగా నిలబడండి, మొహాన లైటు కొట్టి ఫొటోలు తియ్యకండి.