తోకచుక్కకు మన మాట వినిపించదు

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. "సైన్స్‌లో ప్రయోగం చేసి తేల్చేస్తారు, సోషల్‌లో ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు, మరి దాన్ని కూడా శాస్త్రం అని ఎందుకంటారు?" అని అడిగారు కదా, రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. నా ఉద్దేశంలో అది శాస్త్రమే. కాకపోతే అది పరిశీలించేది మనుషుల్ని, మనుషులేమో మనం అనే మాట వింటారు, విని మారతారు కూడా. తేడా అంతా అక్కడే మొదలవుతుంది.

ఎడ్మండ్ హేలీ అనే ఖగోళ శాస్త్రవేత్త 1531, 1607, 1682లో కనిపించిన తోకచుక్కల దారులు పోల్చి చూసి, ఈ మూడూ ఒకటేనని, 1758 చివర్లో అది మళ్లీ వస్తుందని లెక్కగట్టాడు. ఆయన 1742లోనే చనిపోయాడు. తోకచుక్క మాత్రం 1758 డిసెంబర్ 25 రాత్రి కనిపించింది. హేలీ ఏం చెప్పాడో దానికి తెలియదు, తెలిసే వీలూ లేదు.

ఇప్పుడు ఒక బ్యాంకు సంగతి చూడండి. ఏ లోటూ లేని బ్యాంకే, కానీ మునిగిపోతోందని ఎవరో పుకారు పుట్టించారు. ఆ మాట నమ్మి పదిమంది డబ్బు తీసుకోవడానికి వచ్చారు, ఆ వరుస చూసి ఇంకో వందమందికి టెన్షన్ పట్టుకుంది. ఏ బ్యాంకూ అందరి డబ్బునూ నోట్ల రూపంలో దగ్గర పెట్టుకోదు, అప్పులుగా ఇచ్చేస్తుంది. అందుకని అందరూ ఒకేసారి వచ్చి అడిగితే బాగున్న బ్యాంకు కూడా కూలిపోతుంది. అంటే పొద్దున అబద్ధంగా ఉన్న మాట సాయంత్రానికి నిజమై కూర్చుంది! రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1948లో దీని గురించే రాశాడు, తనను తానే నిజం చేసుకునే జోస్యం అన్నాడు. అలాంటి జోస్యాలు తోకచుక్కల దగ్గర పనిచేయవు, మనుషుల దగ్గరే పనిచేస్తాయి.

ఇంకొకటి. మీరు చెయ్యి పైకెత్తారనుకోండి. ఏ కండరం బిగిసింది, ఏ నరం సంకేతం పంపింది అనేది జీవశాస్త్రం చెప్తుంది, చక్కగా చెప్తుంది. కానీ టీచర్ని ప్రశ్న అడగడానికి ఎత్తారా, ఓటు వేయడానికా, ఎవరినో ఆగమనడానికా? కండరాల్ని ఎంత పరిశీలించినా ఆ సంగతి దొరకదు. చేసే మనిషి మనసులో ఆ పనికి ఉన్న అర్థం పట్టుకోవడం కూడా సామాజిక శాస్త్రం పనేనని మాక్స్ వేబర్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గట్టిగా చెప్పాడు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

అర్థం పట్టుకోవడం ఎంత కష్టమో నాకు చిన్నప్పుడే తెలిసొచ్చింది. చదువుకునే రోజుల్లో ఒక సర్వే కోసం ఇంటింటికీ తిరిగాను. ఒకావిడ గుమ్మం దగ్గర చంటిబిడ్డను భుజాన వేసుకుని, ఉతికిన బట్టలు మడత పెడుతోంది. "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగితే "నేనేం పని చేయను బాబూ, ఇంట్లోనే ఉంటాను" అంది. కాగితం మీద "పని లేదు" అని రాసేసుకున్నాను, రాస్తున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. మా సర్వే పెద్దాయన ఆ కాగితం చూసి, మళ్లీ వెళ్లి ప్రశ్న మార్చి అడగమన్నాడు. "నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేశారు?" అని అడిగాను. ఆమె చెప్పడం అరగంటకు గానీ పూర్తికాలేదు. ఆమె మొదట అబద్ధమేమీ చెప్పలేదు, "పని" అనే మాటకు ఆమెకున్న అర్థం వేరు, మా కాగితంలో ఉన్న అర్థం వేరు, అంతే. థర్మామీటర్‌తో ఈ ఇబ్బంది ఉండదు కదా.

అలాగని "ఎవరికి తోచింది వాళ్లు" చెప్పేస్తే కుదరదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, వాటిని లెక్కపెట్టి ఆల్ఫ్ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది. గెలిచింది ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల. కార్డులు ఎక్కువగా టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాలు చూసి పంపారు, ఆ రోజుల్లో పేదవాళ్లకు అవెక్కడివి? పైగా తిరిగి పంపేంత పట్టుదల ఉన్నవాళ్లే పంపారు. అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ అనే సర్వే నిపుణుడు అంతకంటే చాలా తక్కువమందిని, కానీ అన్ని రకాలవాళ్లనూ అడిగి, రూజ్‌వెల్టే అని సరిగ్గా చెప్పాడు. ఎంతమందిని అడిగామన్నదాని కంటే ఎవరిని అడిగామన్నది ముఖ్యమని అప్పుడు అందరికీ అర్థమైంది.

ప్రయోగాల సంగతికొస్తే, ఖగోళ శాస్త్రవేత్తలు కూడా నక్షత్రాన్ని ప్రయోగశాలలోకి తెచ్చుకోలేరు, కాబట్టి ఆ ఒక్క కారణంతో సోషల్‌ని తక్కువ చేయకండి. సగంమంది పిల్లల్ని బడి మాన్పించి ఏమవుతుందో చూద్దాం అనకూడదు, అది తప్పు. అందుకే లోకంలో వాటంతట అవే జరిగిన తేడాల కోసం వెతుకుతారు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనం పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకు రెండు వైపులా 410 ఫాస్ట్ ఫుడ్ రెస్టారెంట్ల లెక్కలు, పెంచకముందువీ పెంచాకవీ, పోల్చి చూశారు. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయని చాలామంది అనుకునేవాళ్లు, అక్కడ తగ్గినట్టు వాళ్లకు కనిపించలేదు. వేరే ఆర్థికవేత్తలు వేరే లెక్కలు తెచ్చి వాదించారు, వీళ్లు మళ్లీ చూసుకున్నారు. నాకు నచ్చేది ఆ వాదనే, ఎందుకంటే అక్కడ ఎవరూ "నాకు తోచింది" అని తప్పించుకోలేదు.

మీరూ ఒకటి చేసి చూడండి. ఒక పీరియడ్‌లో ఎంతమంది చెయ్యెత్తారో లెక్కపెట్టండి, పేర్లు రాయొద్దు, సంఖ్య చాలు. మర్నాడు అదే పీరియడ్‌లో, లెక్కపెడుతున్నామని అందరికీ ముందే చెప్పి మళ్లీ లెక్కపెట్టండి. రెండు సంఖ్యలూ నాకు రాయండి, మారితే ఎందుకు మారిందనుకుంటున్నారో కూడా.

మీ తాతయ్య